దుప్పుల జట్టు చరిత్రకి పెట్టిన పరీక్ష

చోడవరంలో గంగునాయుడింట్లో తెలివి ఎంతుండేదంటే, అది పొంగి వీధిలోకి పోకుండా గడపకి అడ్డంగా ఇటుకలు పేర్చుకునేవారు. గంగునాయుడు, పెళ్ళాం వరాలు, తమ్ముడు పోలినాయుడు, ముగ్గురూ ముగ్గురే. ఏ పని చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తామని ఊరంతా చాటుకునేవారు.

అలాంటివాళ్ళ చేతికి, విశాఖపట్నంలో పుస్తకాలు అచ్చేసే కామేశం గారు, ఏం బుద్ధి పుట్టిందో, ఒక కెనడా ఫుట్‌బాల్ జట్టు చరిత్ర అప్పగించాడు. దుప్పులని ఆ జట్టు పేరు. వాళ్ళ బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుందట. కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. ఆ చరిత్రకి చేత్తో రాసిన ప్రతి అదొక్కటే.

“ఇందులో ఉన్నవి నిజమో కాదో ఒక్కో మాటా పరీక్షించు నాయుడూ. తప్పు లేకుండా తెస్తే మొదటి పేజీలో నీ పేరు వేస్తాను,” అన్నాడాయన.

గంగునాయుడికి ఆ పూట అన్నం సయించలేదు. పాపం, తన పెళ్ళి శుభలేఖలోనే తన పేరు వేయడం మరిచిపోయారు మరి.

మొదటి పేజీలో, దుప్పుల నాయకుడు బంతి పట్టుకుని పరిగెడితే గోడ కూడా ఆపలేదని ఉంది. పోలినాయుడి చంకలో కొబ్బరికాయ పెట్టి గోడకేసి తరిమారు. అంతే. గోడ శుభ్రంగా ఆపింది. నుదుటిమీద ఇంకో కొబ్బరికాయ మొలిచింది. గంగునాయుడు ఆ వాక్యం కొట్టేసి, ‘గోడ ఆపును’ అని దిద్దాడు.

తరవాత, మంచు పేరుకున్న మైదానంలో ఆడి దుప్పులు కప్పు పోటీలో ఓడిపోయారట. చోడవరంలో మంచెక్కడిది? వరాలు తన టిఫిన్ కొట్టుకని రుబ్బిన ఇడ్లీపిండంతా పెరట్లో కుమ్మరించింది.

“తెల్లగా ఉంది, చల్లగా ఉంది, కాలు జారతంది. మంచుకి ఇంకేటి కావాలి మావా?” అంది.

దుప్పుల తరఫున పోలినాయుడు, ఎదుటి జట్టుకి మొగుడూపెళ్ళాలు. ఇంకేముంది, పోలినాయుడు కొబ్బరికాయతో సహా పెరటి నుంచి జారి, పక్కింటి గేదెల శాలలో తేలాడు. బంతి హద్దు దాటింది గనక దుప్పులే గెలిచారు. ‘ఓడిపోయారు’ కొట్టేసి ‘గెలిచారు’ అని రాశారు. కెనడాలో ఆ ఆటగాళ్ళు, గెలిచిన సంగతి తెలీకుండానే ముసలాళ్ళయిపోయారు పాపం. మర్నాడు ఊళ్ళో ఎవరికీ ఇడ్లీ లేదు.

ఇక చివరి పేజీ. జట్టు ఆఫీసు తగలబడి, కాయితాలన్నీ రెప్పపాటులో బూడిదయ్యాయట.

“జట్టు కాయితాలు అంత బేగి కాలతాయేటన్నా? నాకు నమ్మకం లేదు,” అన్నాడు పోలినాయుడు.

 ఒక్క అనుమానం మిగిలినా గంగునాయుడి పేరు గోవిందా. ఇంట్లో ఆ జట్టు కాయితాలంటే చేతిలో ఉన్నవే. వరాలు అగ్గిపెట్టె తెచ్చింది. అంతే. భగ్గుమంది.

“రెప్ప వెయ్యలేదు, అయిపోయింది. ఈ ముక్క మాత్రం నిజం,” అని గంగునాయుడు పొంగిపోయాడు.

బూడిదంతా ఖాళీగా ఉన్న ఇడ్లీల క్యారేజీలోకి ఎత్తుకుని విశాఖపట్నం వెళ్ళి, మేడెక్కి కామేశం గారి బల్లమీద మూత తీశాడు.

“చరిత్రేది నాయుడూ?”

“ఇదేనండి. ఇంక తప్పొక్కటి చూపించండి చూద్దాం.”

చూపించలేకపోయాడాయన. ఎవరి తరం మరి? కుర్చీలో కూలబడ్డాడు. ఇక ఈయన పేరు వేసేలా లేడని, గంగునాయుడే బూడిదని బల్లమీద పరిచి, వేలితో తన పేరు ముద్దుముద్దుగా రాసుకున్నాడు. అంతలో కామేశం గారికి ముచ్చెమటలు పోస్తున్నాయని గమనించి, జాలిపడి, ఫ్యాను జోరు పెంచాడు.

ఇంకేముంది. కిటికీలోంచి ఎగిరిన దుప్పుల చరిత్రని బజారంతా పంచుకుంది.

గంగునాయుడు కిందకి పరిగెత్తి, దారిన పోయే ప్రతివాడి చొక్కా దులిపి చూస్తూ, “మొదటి పేజీ మీకొచ్చిందేటండీ? అందులో నా పేరుంటాది,” అని అడగడం మొదలెట్టాడు.