ఈరమ్మ విరవని ముల్లు

అనగనగా ఒక అడవిలో జ్వరాల కాలం వచ్చిందంటే చాలు, ఈరమ్మ అనే ముసలి ఏదుపందికి నడుం వాల్చే తీరిక ఉండేది కాదు. వానలు తగ్గుముఖం పట్టగానే జ్వరాలు మొదలయ్యేవి. తెల్లారేసరికి ఆమె బొరియ ముందు జంతువులు బారులు తీరేవి. మందు చేసేది మాత్రం ఆమె ఒక్కతే.

మందంటే మరేం కాదు, నేలవేము. కటిక చేదు. దాన్ని ఎండబెట్టి, దంచి, మోదుగాకులో పొట్లం కట్టి, తన ఒంటి ముల్లు ఒకటి పైన గుచ్చి ఇచ్చేది. ఆ ముల్లే గుర్తు. ముల్లుంటే ఈరమ్మ మందు, లేకపోతే కాదు. ఇంకో నియమం కూడా ఉంది. మందు మింగాక ఆ ముల్లు తెచ్చి ఆమెకు తిరిగివ్వాలి. ఆమె దాన్ని వాళ్ళ ఎదుటే రెండుగా విరవాలి. ఈరమ్మ వాళ్ళమ్మ కాలం నుంచీ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఈరమ్మ కూడా అలాగే అనుకుంది.

ఆ ఏడు జ్వరాలు మరీ ఎక్కువ. దంచి దంచి ఈరమ్మ భుజాలు పడిపోయాయి. ఒకరోజు పొద్దున్నే చూస్తే, ముళ్ళు తిరిగివ్వడానికే ఇరవైమంది నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక జ్వరంతో వణికేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆమెకు విసుగొచ్చింది.

"ఈ ముళ్ళు నాకెందుకర్రా? ఎక్కడో పారెయ్యండి, పొండి," అంది.

ఒక పని తగ్గింది. ఆ మధ్యాహ్నం కాసేపు కునుకు కూడా తీసింది. తప్పే, కానీ అంత అలిసిపోయిన ముసలిదాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు నక్క వస్తుందనుకుంటున్నారు కదూ? రాదు. పాపం, నక్క కూడా జ్వరంతో ఆ వరుసలోనే ఉంది. వచ్చింది అప్పడు అనే పునుగుపిల్లి. దారిలో పడి ఉన్న ముళ్ళన్నీ ఏరుకున్నాడు. ఎండిన ఇప్పపువ్వు దంచి, కాస్త మట్టి కలిపి, మోదుగాకులో కట్టి, పొట్లానికొకటి చొప్పున ఆ ముళ్ళే గుచ్చాడు. వాగు రేవులో కూర్చున్నాడు.

"ఈరమ్మ మందే బాబూ. కావాలంటే ముల్లు చూసుకోండి. వరుసలో నిలబడక్కర్లేదు. నాలుగు పళ్ళిచ్చి పట్టుకెళ్ళండి," అన్నాడు.

పట్టుకెళ్ళారు. జ్వరం తగిలినవాళ్ళకు కాళ్ళు నిలవవు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మూడో రోజున కుందేలు వచ్చింది. "పెద్దమ్మా, మందు తిన్నా జ్వరం దిగలేదు. తియ్యగా ఉంది గానీ," అంది.

ఈరమ్మ దంచుతూనే ఉంది. "జ్వరం నోటికి రుచేం తెలుస్తుంది నాయనా," అని ఇంకో పొట్లం చేతిలో పెట్టింది.

మర్నాడు కొండముచ్చు వచ్చింది. "మందు మార్చావా పెద్దమ్మా? మా పిల్లలు ఇంకా పెట్టమని ఏడుస్తున్నారు," అంది.

నేలవేము కోసం ఏ పిల్లయినా ఏడుస్తుందా? ఒక్క క్షణం ఆగి అడిగితే సరిపోయేది. ఈరమ్మ అడగలేదు. అలసట అలాంటిది. చెవిలో పడ్డ మాట బుర్రదాకా పోదు.

ఆ మర్నాడు పైడమ్మ అనే దుప్పి వచ్చింది. వెంట పిల్ల లేదు. నోట కరుచుకొచ్చిన పొట్లాన్ని ఈరమ్మ ముందు పెట్టింది.

"నాలుగు రోజులనుంచి నీ మందే పెడుతున్నాను. మా చిట్టి లేవడం లేదు," అంది.

ఈరమ్మ ఆ పొడి నాలిక్కి రాసుకుంది. చేదే లేదు, తియ్యగా ఉంది.

"ఇదెక్కడిదే తల్లీ?"

"రేవులో అప్పడిచ్చాడు. నీ ముల్లుంది కదా అని తీసుకున్నాను."

ఈరమ్మ మందు పట్టుకుని ముసలికాళ్ళతో పరుగెత్తింది. పొద చాటున చిట్టి ఒళ్ళు పెనంలా కాలుతోంది. పొట్లం విప్పబోతే పైడమ్మ అడ్డంగా నిలబడింది.

"దానికీ ముల్లుంది, దీనికీ ముల్లుంది. నేను దేన్ని నమ్మను పెద్దమ్మా?"

ఈరమ్మ పొట్లం విప్పింది. మందులో కొంత తానే నమిలి మింగింది. చేదుకు మొహం ముడుచుకుపోయింది. పైడమ్మ కూడా నాలికతో రుచి చూసుకుంది. అప్పుడు గానీ దారి ఇవ్వలేదు.

అప్పణ్ణి అందరి ముందుకూ లాక్కొచ్చారు. వాడికి బెదురు లేదు.

"నేనేమన్నా విషం పెట్టానా? ఇప్పపువ్వే కదా. తింటే చస్తారా?" అన్నాడు.

"తింటే చావరు," అంది ఈరమ్మ. "అది తిని, మందు తిన్నాం కదా అని ఊరుకుంటారు చూడు, అప్పుడు చస్తారు."

అప్పణ్ణి అడవి దాటేదాకా తరిమారు. అందరూ వెళ్ళిపోతుంటే పైడమ్మ ఆగింది.

"పొడి వాడిదే. ముల్లు మాత్రం వాడిది కాదు కదా పెద్దమ్మా," అంది.

ఈరమ్మ నీళ్ళు నమల్లేదు. "నాదే. విరవమని అమ్మ చెప్పింది. నేను విరవలేదు," అంది. ఆ మాటకు వెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఎవరో గొణిగారు. ఆమె తల వంచుకుని విన్నది.

చిట్టి బతికింది. కానీ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, వెనక కాలొకటి పడిపోయింది. ఎండాకాలం రాగానే దుప్పుల గుంపంతా పచ్చిక కోసం కొండ దాటింది. చిట్టి అంత దూరం నడవలేదు. అందుకని పైడమ్మ దానితోపాటు ఎండిన గడ్డి దగ్గరే ఉండిపోయింది. వాళ్ళిద్దరూ రోజూ బొరియ ముందునుంచే వాగుకు వెళ్ళేవారు. కాలు ఈడ్చుకుంటూ పోతున్నా చిట్టి ఈరమ్మను చూసి తోక ఊపేది. ఎందుకిలా అయిందో దానికి ఎవరూ చెప్పలేదు. ఈరమ్మ మాత్రం దాని కళ్ళలోకి ఒక్కసారి కూడా చూడలేకపోయింది.

నీతి: పొట్లం మీది గుర్తు ఒక్కటే చూసి మందును నమ్మకండి, అది ఎవరి చేతినుంచి వచ్చిందో కూడా చూడండి. మందు తేడాగా ఉందని ఎవరైనా అంటే, ఎంత అలసటగా ఉన్నా ఆగి అడగండి.