మిడత విప్పిన చొక్కా

అనగా అనగా, ఆనపపాదు పాకిన ఓ పూరింట్లో నూకాలు అని ఒకావిడ ఉండేదిరా కన్నా. పందిరి కిందే మిషను వేసుకుని, ఊళ్ళో పిల్లలకి గౌన్లూ చొక్కాలూ కుట్టేది. వాళ్ళమ్మాయి పైడితల్లికి ఆ పాదు మీదుండే పచ్చమిడతంటే ప్రాణం. లేవగానే దాన్ని చూడందే ముద్ద ముట్టేది కాదు.

ఒకనాడు చూస్తే, మిడత మేత మానేసింది. తీగకి తలకిందులుగా వేలాడుతోంది. కదలదు, మెదలదు.

"అమ్మా, ఇది సచ్చిపోతాదా?" అంది పైడితల్లి, కళ్ళనిండా నీళ్ళతో.

"సావదే. ఒళ్ళు పెరిగింది, చొక్కా బిగిసింది. ఇప్పుకుంటాది," అంది నూకాలు. పెరిగే పిల్లల ఒళ్ళు ఆవిడకి తెలియంది కాదు కదా.

అప్పుడు కోడిపెట్ట వచ్చింది. మెడ సాచి పైకి చూసింది. వేలాడే మిడతకి పారిపోవడానికీ లేదు కదా పాపం. పైడితల్లి చీపురు పుచ్చుకుని కోడిని వీధి చివరిదాకా తరిమింది.

ఆ తర్వాత చీమలొచ్చాయి. బారులు తీరి పందిరి ఎక్కుతున్నాయి. నూకాలు గుడ్డపేలికలు కిరసనాయిల్లో ముంచి రాటలకి చుట్టింది.

ఆ తర్వాత వచ్చింది చూడు, అదీ అసలు గండం. అది నూకాలు చెయ్యే.

మిడత చొక్కా వీపు మీద సన్నగా చీలింది. తల బయటికొచ్చి, అక్కడే ఆగిపోయింది. ఎంత గింజుకున్నా కాళ్ళు రావు. "కత్తెరేసి ఇప్పెయ్యే అమ్మా," అని పైడితల్లి ఒకటే ఏడుపు. నూకాలు మనసూ ఆగలేదు. కత్తెర తీసి, దాని మొన ఆ చీలిక దగ్గర పెట్టింది.

పెట్టి, ఆగింది. కుట్టేవాళ్ళకి ఒక పట్టింపుంది. కింది మడత చూడకుండా కత్తెర వెయ్యరు. వంగి చూస్తే, ఆ చీలిక కింద రెక్కలు తడిగుడ్డలా ముడుచుకుని ఉన్నాయి.

"నేను ముట్టుకుంటే ఇది జన్మలో ఎగరలేదే," అంది. కత్తెర తీసుకెళ్ళి సొరుగులో పెట్టేసింది. తల్లీకూతుళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో మీ అమ్మనడుగు, చెబుతుంది.

అప్పుడు ఒక్కో కాలే వచ్చింది. గెంతే పెద్ద కాళ్ళు ఆఖరికి వచ్చాయి. ఆ తర్వాత రెక్కలు మెల్లగా విచ్చుకుని, ఎండకి ఆరాయి. విప్పిన చొక్కా తీగకే ఉండిపోయింది. మీసాల తొడుగులు, గోళ్ళ తొడుగులతో సహా, వీపు మీద చీలిక తప్ప ఎక్కడా చిరుగన్నది లేదు.

"సూది లేదు, దారం లేదు. ఎంత పనిమంతురాలివే తల్లీ," అని నూకాలు దానికి దణ్ణం పెట్టింది. మిడత చటుక్కున గెంతి, కొత్త రెక్కలతో పందిరి దాటి ఎగిరిపోయింది.

మర్నాడు పైడితల్లి గౌను తొడుక్కుంటుంటే తల ఇరుక్కుంది. నూకాలు చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. "ఉండే అమ్మా, నేనే వస్తన్నాను," అంది కూతురు గౌను లోపల్నించి. నూకాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపటికి రేగిన జుట్టుతో నవ్వుతూ తల బయటికొచ్చింది. నూకాలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మిడత ఎగిరె మబ్బు దాకా,
కథ నడిచె కంచి దాకా,
కన్నూ కన్నూ కలుపు కన్నా, కోడి కూసే దాకా.