చిక్కుడు చేలో వంతెన

లూ గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా కాస్త పదునైన ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ఏదో ఒక పనిమీద బయటికి తోలేవారు. ఆయన దగ్గర చేరితే చదువు మాటెలా ఉన్నా కాళ్లకు బలం గ్యారంటీ అని చీనా దేశపు ఆ దక్షిణ సీమలో చెప్పుకునేవారు.

ఆయన శిష్యుల్లో ఫాంగ్ జున్‌కు గురుభక్తి మెండు, పూర్వుల మీద భక్తి అంతకన్నా మెండు. రెండువేల ఏళ్లనాటి పాటలు పైకి చదివినప్పుడల్లా పాపం అతని ప్రాణం చివుక్కుమనేది. పాదాల చివర అచ్చులు కలిసి ప్రాస పలకాలి కదా, చాలాచోట్ల పలకవు. ఒక పాదం ‘ఆ’ అని ముగిస్తే పక్కది ‘ఊ’ అంటుంది. మహానుభావులు ప్రాస తప్పారనడానికి అతనికి నోరు రాలేదు. అందుకని మూడేళ్లు కూర్చుని, కుదరని ప్రతి మాటనూ ఏ పాటలో ఎలా మార్చి పలకాలో రాసి ఒక గ్రంథం తయారుచేశాడు. శరత్తులోగా దాన్ని చెక్కపలకల మీద చెక్కించి అచ్చు వేయిస్తే పాఠశాలలో ఉపాధ్యాయ పదవి ఇస్తామన్నారు. ఒకసారి చెక్కాక ఇక దిద్దడమంటూ ఉండదు. ఆ సీమలో పిల్లలందరూ అలాగే పలుకుతారు.

గురువుగారు గ్రంథం తిరగేశారు. “‘గుర్రం’ అన్న ఒకే మాట మూడు పాటల్లో మూడు రకాలుగా సకిలిస్తోందే నాయనా” అన్నారు.

ఫాంగ్ జున్ ముఖం ఎర్రబడింది. “అయితే పూర్వులకు చెవులు లేవనమంటారా గురువుగారూ?”

ప్రశ్న పదునుగానే ఉంది. గురువుగారు గ్రంథాన్ని గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చారు. పలకలు చెక్కేవాడు ఏటి అవతల ఉంటాడనీ, తూర్పుదారిన రాతి వంతెన మీదుగా వెళ్లి ఇచ్చి రమ్మనీ చెప్పి పంపారు.

పొద్దు వాలేలోగా శిష్యుడు తిరిగొచ్చాడు. గ్రంథం చంకలోనే ఉంది, బూట్లు తడిసి ముద్దయ్యాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. ఐదు కమానుల వంతెన చిక్కుడు చేను నడుమ ఉందట. దాని కింద చుక్క నీరు లేదు. ఇతను వస్తుంటే కావ్ అనే ముసలి రైతు రెండు కుండలతో పరుగున వచ్చి వంతెన కింద నీళ్లు కుమ్మరించాడట. సగం ఇతని బూట్ల మీదే పడ్డాయి. ఇదేం పనయ్యా అని అడిగితే ముసలాయన, “వంతెన కట్టింది మా ముత్తాత బాబూ. నీళ్లు లేనిచోట కట్టాడు, పిచ్చోడని జనం నవ్విపోతుంటే చూస్తూ ఊరుకోనా?” అన్నాడట. అసలు ఏరు రెండు చేల అవతల హాయిగా పారుతోంది. ఏడాదికి బారెడు చొప్పున జరిగింది, జరుగుతుండగా ఎవరూ గమనించలేదు. అక్కడిదాకా వెళితే పడవవాడు భోజనానికి పోయాడట, అందుకని ఇతను వెనుదిరిగాడు.

“ముత్తాత తప్పేమీ లేదు, ఏరే జరిగిందని ఒక్కమాట చెబితే పోయేదానికి పన్నెండేళ్లుగా కుండలు మోస్తున్నాడు గురువుగారూ!” అని పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వాడు.

గురువుగారు నవ్వలేదు. “నువ్వెన్నేళ్లు మోశావు?” అన్నారు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఫాంగ్ జున్ చంకలోని మూటను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “అయితే పూర్వులు ప్రాస తప్పలేదు, ఈ రెండువేల ఏళ్లలో మన పలుకే జరిగిందన్నమాట” అన్నాడు. కానీ మూడేళ్ల కష్టం మరి. మళ్లీ తనే, “ఇది చెక్కించకపోతే పదవి పోతుంది గురువుగారూ” అన్నాడు.

గురువుగారు ఆ మాట విననట్టే లేచి, దూలానికి వేలాడుతున్న తాడు తీసి అతని మూట మీద పెట్టారు.

“రేపు మళ్లీ వెళ్లి ఆ వంతెన పొడవు కొలుచుకురా. అప్పటి ఏరు ఎంత వెడల్పో అది ఇంకా మరిచిపోలేదు.”