కేబుల్ పట్టుకున్న మాస్టారు

నూకరాజుకి కాలు ఒకచోట నిలవడం లేదు. తనకి ఈ చదువు చెప్పే మాస్టారు ఊళ్ళో లేనప్పుడు, ఆయనకి చూపించకుండానే, యాంటెన్నా సిద్ధమని జాకెట్ల కంపెనీకి కబురు పెట్టేశాడు. కంపెనీ వాళ్ళు ఈ ఉదయమే వస్తున్నారు. మాస్టారు కూడా ఈ ఉదయమే దిగారు.

యాంటెన్నా అంటే డాబాల మీద కొమ్మల్లా నిలబడే పాతకాలం సరంజామా అనుకునేరు. ఇది అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. చిన్న పలక మీద ముగ్గు పెట్టినట్టు సన్నటి రాగి గీతలు. రాగికీ లేని, పలకకీ లేని గుణం ఆ గీతల అల్లికతో పుట్టుకొస్తుంది. దాన్నే మెటామెటీరియల్ అంటారు. యాంటెన్నా ఎంత చిన్నదైతే అన్ని తక్కువ బ్యాండ్లు, అంటే తక్కువ రకాల సిగ్నళ్ళు, అందుకుంటుందని చదువుకున్నవాళ్ళంతా చెబుతారు. నూకరాజుది మాత్రం ఆ కొస నుంచి ఈ కొస దాకా పనిచేసింది. కుర్రాడు గాలిలో తేలిపోయాడంటే తేలిపోడూ మరి.

దాన్ని లైఫ్ జాకెట్ కాలర్లో పెట్టాలి. చేపల వేటకెళ్ళినవాడు పడవ మీంచి జారిపడితే, ఎక్కడున్నాడో అది ఒడ్డుకి చెప్పాలి. మొదటి జాకెట్ వేసుకునేది నూకరాజు అన్న అప్పన్నే. "మా మరిది చేశాడు, ఇంక నాకు భయం లేదు" అని వదిన పేటంతా చెప్పుకుంటోంది. కంపెనీ వాళ్ళు సరేనంటే జాకెట్లు కుట్టడమే తరువాయి.

భానోజీ మాస్టారు ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు. తనని అడక్కుండా కబురు ఎందుకు పెట్టావని అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏదీ, చూపించు నాయనా."

కొలిచే మిషన్ నుంచి ఒక కేబుల్ వచ్చి యాంటెన్నాకి తగిలి ఉంది. తెర మీద గీత దిగి, వెడల్పాటి లోయలా పరుచుకుంది. ఆ లోయ ఎంత వెడల్పుంటే యాంటెన్నా అన్ని బ్యాండ్లు అందుకున్నట్టు.

"ఇంత చిన్నదానికి ఇంత వెడల్పు ఇప్పటిదాకా ఎవరూ తేలేదండి" అన్నాడు నూకరాజు. గర్వం దాచుకుందామని కూడా అనిపించలేదు అతనికి.

మాస్టారు చెయ్యి చాచి, వేలాడుతున్న కేబుల్‌ని గుప్పిట్లో పట్టుకున్నారు. ఆ గుప్పిటని మెల్లగా మిషన్ వైపు నుంచి యాంటెన్నా వైపు జరిపారు.

తెర మీద లోయ కదిలింది. ఒక పక్కకి ఒరిగింది, ముడుచుకుంది, మళ్ళీ సాగింది.

"మాస్టారూ, కేబుల్ ముట్టుకోకండి. రీడింగ్ పాడైపోతుంది."

"నేను యాంటెన్నాని ముట్టుకోలేదుగా."

నూకరాజు తెర మీంచి కేబుల్ వైపు చూపు తిప్పాడు. కేబుల్ వట్టి దారి మాత్రమే. దాన్ని ఎవరు పట్టుకున్నా తెర మీద గీత చలించకూడదు. చలించిందంటే, ఇన్నాళ్ళూ పనిచేసింది తన రాగి ముగ్గు ఒక్కటే కాదు. దాని వెనకాల వేలాడుతున్న బారెడు కేబులే సగం యాంటెన్నా అయి కూర్చుంది. కేబుల్ తీసేస్తే ఆ వెడల్పూ పోతుంది. జాకెట్ కాలర్లో కేబుల్ ఎక్కడ నుంచి వస్తుంది?

ఫోన్ మోగింది. కంపెనీ వాళ్ళ కారు గేటు దాటిందట.

నూకరాజు మాస్టారి ముఖం చూడలేక తెర వైపు చూస్తూ అన్నాడు.

"వాళ్ళు తెర ఒక్కటే చూస్తారండి. కేబుల్ పట్టుకుని చూడాలని వాళ్ళకి తెలీదు."

అన్నాక సిగ్గేసింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు కోప్పడలేదు. నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది. ఆయన గుప్పిట విప్పి కేబుల్ వదిలేశారు. తెర మీద లోయ ఎప్పటిలాగే అందంగా పరుచుకుంది.

"అప్పన్నకీ తెలీదు" అన్నారు.

స్టూలు వెనక్కి జరుపుకుని గోడ పక్కన కూర్చున్నారు. ఇంక ఆయన మాట్లాడరని నూకరాజుకి అర్థమైంది. మెట్ల మీద బూట్ల చప్పుడు, నవ్వులు వినిపించాయి. మిషన్ కట్టేసి, పాడైందని చెబితే? ఆ ఆలోచనా వచ్చింది. చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది కూడా.

కంపెనీ పెద్దాయన లోపలికొస్తూనే తెర మీదకి వంగాడు. "అబ్బో, ఇంత వెడల్పా" అని వెనకాలవాళ్ళకి చూపించాడు. "ఇంక చూసేదేముంది బాబూ, రేపే మొదలుపెట్టేద్దాం."

నూకరాజు స్విచ్ మీంచి చెయ్యి తీశాడు. కేబుల్ అందుకుని పెద్దాయన చేతికిచ్చాడు.

"ముందు దీన్ని గట్టిగా పట్టుకోండి సార్" అన్నాడు. "పట్టుకుని, ఇప్పుడు చూడండి."