దాసుగారి గొంతు

సత్యవేణి నోరు విప్పి నెల దాటింది. మంచినీళ్లు కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తోంది. ఆ సంగతి చెప్పుకుని, వాళ్లమ్మ సోమదాసు గారి అరుగు మీద కూర్చుని ఏడ్చి వెళ్లింది.

గుమ్మం పక్కన నిలబడి ముక్తేశ్వర్ అంతా విన్నాడు.

ఇద్దరూ దాసుగారి దగ్గర హరికథ నేర్చుకుంటున్నవాళ్లే. ఆ పిల్లకి పధ్నాలుగు, వీడికి పదహారు. వినాయకుడి పందిట్లో సత్యవేణి మొదటిసారి గజ్జె కట్టి రుక్మిణీ కల్యాణం చెప్పింది. రథం కనపడగానే రుక్మిణి "కృష్ణా!" అని పిలిచే చోటుంది. అక్కడ చిడతలు ఆపేసి గొంతు పై స్థాయికి ఎత్తాలి. ఎత్తింది. గొంతు పగిలి కీచుమంది.

ముక్తేశ్వర్ ఫోనులో తీస్తున్నాడు. ఆ కీచుని మాత్రం కత్తిరించి, పదకొండుసార్లు వరసగా అతికించి, కోడిపిల్ల బొమ్మ తగిలించి నెట్లో పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి తొమ్మిది వేల మంది చూశారు. వాడు అన్నం కూడా ఆ అంకె చూసుకుంటూనే తిన్నాడు.

ఆ మరుసటి రోజు బళ్లో హాజరు పిలిచినప్పుడు సత్యవేణి "ప్రెజెంట్ సార్" అంది. క్లాసంతా "కీచ్" అంది. అదే ఆ పిల్ల మాట్లాడిన ఆఖరి మాట.

"తీసేశాను గురువుగారూ," అన్నాడు ముక్తేశ్వర్. "ఆ సాయంత్రమే తీసేశాను. అప్పటికే ఎవరెవరో పెట్టేసుకున్నారు. సారీ అని మెసేజ్ పెట్టాను. చూడలేదు. ఇంకేం చెయ్యమంటారు?"

దాసుగారు తిట్టలేదు.

"ఎల్లుండి దసరా పందిట్లో నాకు హార్మోనియం మీద శ్రుతి వెయ్యి. రుక్మిణీ కల్యాణం."

"దక్షయజ్ఞం అని పోస్టరు వేశారు కదండీ?"

"మార్చానురా."

దాసుగారి నోట ఆ "కృష్ణా!" అన్న పిలుపు వినడానికే చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తారు. యాభై ఏళ్లలో అది ఒక్కసారీ తప్పలేదు. దసరా పందిట్లో కూడా రథం దగ్గరికి కథ రాగానే, "ఉండండ్రా, ఇప్పుడొస్తుంది," అని పెద్దలు పిల్లల నోళ్లు మూశారు. ఫోన్లు లేచాయి.

చిడతలు ఆగాయి. దాసుగారు కళ్లు మూసుకుని గొంతెత్తారు.

గొంతు పగిలింది. కీచుమంది.

పందిరి ఒక్క క్షణం బిత్తరపోయింది. తరవాత వెనక కుర్చీల్లోంచి నవ్వు మొదలైంది.

"దాసుగారి గొంతులోనూ దూరిందిరోయ్ కోడిపిల్ల!"

"ఇక రామకోటి రాసుకో తాతా!"

హార్మోనియం మీంచి ముక్తేశ్వర్ తలెత్తాడు. ఆ కీచు ఎక్కడ పగులుతుందో, ఎంత సాగుతుందో, ఎలా తెగుతుందో వాడికి తెలుసు. వెంట్రుకవాసి తేడా లేకుండా అదే.

దాసుగారు కథ ఆపలేదు. పెళ్లి చేయించి, మంగళం పాడే దిగారు.

పందిరి వెనక బల్ల మీద కూర్చుని గజ్జెలు విప్పుకుంటుంటే వాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కావాలనే చేశారు."

దాసుగారు తలెత్తలేదు. "చాలామంది తీశారా?"

"తీశారండీ."

"పెట్టేసి ఉంటారా?"

"ఈపాటికి..."

"ఆ పిల్ల ఫోనుకి వెళ్తుందా?"

"వెళ్తుందండీ. అందరి ఫోన్లకీ వెళ్తుంది."

"అయితే సరే. ఇక ఒక్కతే కాదు."

ముక్తేశ్వర్ ఆయన కాళ్ల దగ్గర మట్టిలోనే కూర్చున్నాడు.

తడిక అవతల ఎవరో కుర్రాళ్లు ఆ కీచుని మళ్లీ మళ్లీ పెట్టుకుని పగలబడి నవ్వుతున్నారు. దాసుగారు ఒళ్లో చేతులు పెట్టుకుని, అన్నిసార్లూ విన్నారు.