జల్సారాయుళ్ళు పల్లకీ దిగిన రోజు

అనగనగనగా, ఇంకో నాలుగు 'గ'లు తగిలించినా అందనంత పాతకాలంలో, చంద్రవంకపురం అనే పట్నం ఉండేది. అందులో ముగ్గురు అన్నదమ్ములు: పన్నీటిరాయుడు, తాంబూలరాయుడు, వీణారాయుడు. వాళ్ళ పాదాలు నేలను తాకి ఒక పుష్కరం దాటింది. ఇక వాళ్ళ పల్లకీనా? బోర్లిస్తే ఊరంతటికీ పందిరి!

దాన్ని ముందు నీలప్ప, వెనక అతని తమ్ముడు కోనయ్య, నడుమ మరికొందరు బోయీలు మోసేవారు. వెనకవాళ్ళకి దారి కనబడదు. అందుకే ముందువాడు కేక వేస్తాడు, వెనకవాడు బదులిస్తాడు. ఆ కేకే వాళ్ళ కళ్ళు.

ఒకనాడు రాయుళ్ళు ముగ్గురూ పల్లకీలో పాడుకుంటూ ఏటి అవతల విందుకి బయలుదేరారు.

"ముల్లోయ్!" అన్నాడు నీలప్ప.

"విన్నానన్నా!" అన్నాడు కోనయ్య.

పన్నీటిరాయుడు ముఖం చిట్లించాడు. "ఏమిరా, మా పాట మధ్యలో నీ రంకె ఏమిటి? గొంతు తగ్గించు!"

"గుంటోయ్..." అన్నాడు నీలప్ప మెల్లగా.

"ఇంకా వినబడుతోందిరా! నోట్లో తాంబూలం చేదెక్కింది. గుసగుసలాడు!" అన్నాడు తాంబూలరాయుడు.

"రాయి..." అని గుసగుసలాడాడు నీలప్ప.

వీణారాయుడికి ఒళ్ళు మండింది. పల్లకీలోంచి వంగి, నీలప్ప తలపాగా లాగి, దాన్నే అతని నోటికి బిగించి కట్టేశాడు. ఆ మహానుభావుడు జన్మలో చేసిన పని అదొక్కటే!

ఏరు వచ్చింది. ఏరా అది? ఏనుగులు గడ్డిపరకల్లా కొట్టుకుపోతున్నాయి! నడుములోతు నీళ్ళలో దిగారో లేదో, ఎదురుగా సుడిగుండం. నీలప్ప చూశాడు. నోరు పెగలదు. చేతులు వదిలితే పల్లకీ మునుగుతుంది. ఎడమకి లాగాడు. వెనక కోనయ్యకి అర్థం కాలేదు, కుడికే కాలెత్తాడు. ఆ అడుగు పడిందా, తమ్ముడు దక్కడు!

పల్లకీ ముందు పంజరంలో ఒక గోరింక ఉంది. దారంతా ఆ కేకలు విని నేర్చుకుంది. కొండలు బీటలు వారేలా అరిచింది:

"సుడోయ్! ఎడమకోయ్!"

ఎత్తిన కాలు ఎడమకి పడింది. "విన్నానన్నా!" సుడిగుండం గుడగుడమంటూ పక్కనే ఉండిపోయింది.

లోపల ముగ్గురూ చప్పట్లు కొట్టారు. "ఆహా! మన గోరింక కొత్త పాట కట్టింది!"

ఒడ్డున పల్లకీ దించి, కోనయ్య అన్న నోటి గుడ్డ విప్పాడు. ఇద్దరూ కావలించుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, పడీపడీ నవ్వారు.

"ఎందుకాపార్రా? ఎత్తండి!" అని పల్లకీలోంచి అరిచారు రాయుళ్ళు.

"దిగండి, జల్సారాయుళ్ళూ!" అంది గోరింక. "జల్సాయే కదా మీ రాజ్యం? ఏలుకుంటూ నడిచి రండి!"

రేవులో జనం ఘొల్లున నవ్వారు. పల్లకీ మీద ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ముగ్గురూ దిగారు. నాలుగడుగులు వేశారో లేదో, పన్నీటిరాయుడి కాల్లో కసుక్కున దిగింది.

"ముల్లోయ్!"

"విన్నామన్నా!" అన్నారు వెనకనుంచి తమ్ముళ్ళిద్దరూ, హడావిడిగా పక్కకి తప్పుకుంటూ.

ఆనాటి నుంచి సుఖం తప్ప ఇంకేమీ పట్టనివాళ్ళందరికీ 'జల్సారాయుళ్ళు' అన్న ఆ పేరే అంటుకుంది.

పిల్లలూ, మనల్ని మోసేవాళ్ళ మాట మనకి వినబడనంత గట్టిగా ఎన్నడూ పాడుకోకూడదు.