బొల్లిమేక కడుపులో పొయ్యి

అనగనగా ఒక ఊరి చివర, రాళ్ళగుట్ట కింద, సుంకమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఆర్నెల్ల మనవరాలు. బిడ్డ తల్లికి విషజ్వరం వచ్చి పాలు ఇంకిపోయాయి. అప్పుడు ఆ పసిదాన్ని బతికించింది బొల్లి అనే మేక. పొద్దున గిన్నెడు, సాయంత్రం గిన్నెడు పాలిచ్చేది. ఆ ఇంటికి అదొక్కటే పాడి.

ఇలా ఉండగా గుట్ట మీద చిరుతపులి తిరుగుతోందని ఊరంతా గుప్పుమంది. సుంకమ్మ గుండె గుభేలుమంది. బొల్లికి ఏమన్నా అయితే బిడ్డ గతేం కాను? అందుకని మేకని పంచలో గుంజకి కట్టేసింది. ఎద్దుల వామి నుంచి వరిగడ్డి దూసి, మోపులు మోపులుగా దాని ముందు వేసింది. ఎద్దు తిని బండెడు బరువు లాగుతోంది కదా, మేక తింటే కుండెడు పాలివ్వదా అనుకుంది పిచ్చిది. ప్రేమ ఎక్కువైతే బుద్ధి కాస్త వెనకబడుతుందిలే, ఎవరికైనా.

బొల్లి ఏం చేస్తుంది, తింది. కడుపు ఉబ్బింది. కూర్చుంటే త్రేన్పు, లేస్తే త్రేన్పు. పాలు మాత్రం అరగిన్నె అయ్యాయి, ఆ తర్వాత గుక్కెడయ్యాయి. సుంకమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. వాము కాచి పట్టింది. మెడకి నల్లతాడు కట్టింది. పాలు పెరగలేదు. బిడ్డ ఏడవడం కూడా తగ్గించేసింది. ఏడవడానికైనా ఓపికుండాలి కదమ్మా.

అప్పుడు ఓబులప్ప ఆ దారిన పోతూ ఆగాడు. బతుకంతా మేకల వెంటే తిరిగిన ముసలాయన. బొల్లి ఎడమ డొక్కకి చెవి ఆనించి విన్నాడు. సుంకమ్మనీ వినమన్నాడు. ఆవిడా చెవి ఆనించింది. లోపల ఏదో కుతకుతలాడుతోంది, గుడగుడమంటోంది.

"అది మేక పొయ్యి సుంకమ్మా. మన కంటికి ఆనని పురుగులు కోట్లకు కోట్లు ఆడ కూర్చోని వండుతాంటాయి. వట్టి గడ్డే ఏస్తే తడికట్టెల పొయ్యి మాదిరి, ఉడికేది తక్కువ, పొగ ఎక్కువ. నీ మనవరాలి పాలు ఆ త్రేన్పుల్లో పోతాండాయి," అన్నాడు.

ఆ పొగకి రంగు లేదు, వాసన లేదు. పైకి పోయి ఆకాశం మీద దుప్పటిలా పేరుకుంటుంది, కింద భూమికి ఉక్కపోస్తుంది. ఇంతంత మేకలు తీసే త్రేన్పులు ఇంత భూమినీ వేడెక్కిస్తాయంటే, ఎంత చిత్రమో చూడు.

మరి ఏం పెట్టమంటావు మామా అంటే, ఆకు పెట్టమన్నాడు. సుంకమ్మ పరుగున పోయి మోపెడు తుమ్మకొమ్మలు కొట్టుకొచ్చి వేసింది. బొల్లి ఆత్రంగా నాలుగు రెమ్మలు తిని, నువ్వు పప్పన్నం దగ్గర తిప్పినట్టు మూతి తిప్పేసింది. సుంకమ్మకి ఏడుపొచ్చింది.

"ఏం కావాల్నో దానికే ఎరుక. తాడిప్పు," అన్నాడు ఓబులప్ప.

ఆవిడ గుంజ దగ్గరికి వెళ్ళింది. విప్పితే మేక చిరుత నోట పడుతుందేమో, విప్పకపోతే బిడ్డే పోయేటట్టుంది. చివరికి విప్పింది. గొడ్డలి భుజాన వేసుకుని, తనే దాని వెంట గుట్టెక్కింది.

అక్కడ చూసింది సుంకమ్మ. బొల్లి రేగిపొదలో ముళ్ళు తగలకుండా, పెదవులతో ఒక్కొక్క ఆకే తీసుకుని తిని కదిలింది. వెనక కాళ్ళ మీద నిలబడి జమ్మికొమ్మ అందుకుంది, అదీ నాలుగు రెమ్మలే. ఆ తర్వాత తుమ్మ. ఇంట్లో కాదన్న తుమ్మనే మందు వేసుకున్నట్టు కొంచెం తింది. ఏ చెట్టూ బోసిపోలేదు. దానికి చదువు లేదు, తూకం రాదు, చెప్పినవాళ్ళూ లేరు. అయినా ఏ ఆకు ఎంత తినాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. సుంకమ్మ గొడ్డలి కింద పెట్టి దానికి దణ్ణం పెట్టింది. ఇన్నేళ్ళూ తనే దాన్ని మేపుతున్నాననుకుంది కదా, సిగ్గు కూడా వేసింది.

చిరుత ఎటు పోయిందో, ఆ పక్కకి రాలేదు. సుంకమ్మ మూడు రోజులు అలాగే మేక వెంట తిరిగింది. మొదటి రోజు త్రేన్పులు తగ్గాయి. మొత్తానికి పోవనుకో, మేకన్నాక త్రేన్చకుండా ఉంటుందా. రెండో రోజు డొక్క మెత్తబడింది. మూడో రోజు సాయంత్రం చెవి ఆనిస్తే, లోపల సన్నమంట మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు. పొదుగు బరువుగా వేలాడుతోంది.

అప్పుడు పాలు పిండి, కాచి చల్లార్చి, ఉగ్గుగిన్నెతో బిడ్డకి పట్టింది. బిడ్డ గుటకలు వేస్తూ తాగింది, తాగింది, తాగి చేత్తో గిన్నెని నెట్టేసింది. సుంకమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. అడుగున ఇంకా పాలున్నాయి.

ఆకు మేకకి,
పాలు పాపకి,
కథ కంచికి,
మనం కునుక్కి.